హుకప్ లేకుండా ఆర్వీలో నాలుగు రోజులు: నీళ్లు, కరెంటు సరిపోతాయా?

డిసెంబరులో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర ఎడారిలో ఆర్వీలో (ఇల్లులా వాడుకునే బండి), హుకప్ (బయటి నుంచి నీళ్లు, కరెంటు కనెక్షన్) లేకుండా నాలుగు రోజులు ఉందామనుకుంటున్నాం. పెద్దవాళ్లం ముగ్గురం, పిల్లలిద్దరు. అద్దె ఆర్వీలో మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఉన్నాయి. బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి చేతికొచ్చేది సుమారు 1200 వాట్ అవర్లే. వంట గ్యాస్ మీదే, రైస్ కుక్కర్ తేవట్లేదు. నా టెన్షనల్లా రాత్రి చలికి హీటర్ గురించే: అది ప్రొపేన్‌తో నడిచినా ఫ్యాన్ లాగేది బ్యాటరీనే కదా! తెల్లారేదాకా ఆగుతుందా? పొద్దున జనరేటర్ ఎంతసేపు వేయాలి?

ఇక నీళ్లు. మా అత్తయ్యగారికి రోజూ తలారా స్నానం చేయాల్సిందే. విడి క్యాన్లు తెచ్చుకున్నా, వాడిన నీళ్ల ట్యాంకు ముందే నిండిపోతే ఏం చేస్తారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.