మూడో దశ ఫలితం తేలకముందే అనుమతించిన టీకా: వేసుకోవాలా, ఆగాలా?

కొర్లగుంట చెల్లెలు (తిరుపతి), 2021 జనవరి 10

మా అక్క ఇక్కడే ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఈ నెల 16 నుంచి కరోనా టీకాలు మొదలని నిన్న కేంద్రం ప్రకటించింది. ముందు వైద్య సిబ్బందికే వేస్తారట, అక్క పేరు జాబితాలో ఉంది. 3వ తేదీన దేశంలో మందులకు అనుమతులిచ్చే డీసీజీఐ రెండు టీకాలకు అత్యవసర అనుమతి ఇచ్చింది. ఒకటి పుణె సీరం సంస్థ తయారుచేస్తున్న కొవిషీల్డ్, రెండోది హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ల కొవాక్సిన్. ఈ రెండోదానికి మూడో దశ పరీక్షలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అక్కకు ఏది వేస్తారో తెలియదు. ఎంచుకునే వీలు లేదంటున్నారు.

మా ఇంట్లో వారం నుంచి ఇదే గొడవ. అమ్మకు అరవై నాలుగేళ్లు, షుగర్ ఉంది. "నలుగురూ వేసుకున్నాక చూద్దువులే, నీకేమైనా అయితే పిల్లోళ్ల గతేంది" అంటుంది. అక్క ఏమీ మాట్లాడదు. జూలై నుంచి ఆమె మిద్దె మీది గదిలోనే పడుకుంటోంది. డ్యూటీ నుంచి రాగానే బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, స్నానం చేసి, మెట్ల మీద మూతపెట్టి ఉంచిన అన్నం గిన్నె తీసుకుని పైకి వెళ్లిపోతుంది. చిన్నోడు కింద నిలబడి "అమ్మా, ఈరోజన్నా దిగొస్తావా" అని అడుగుతాడు.

టీకా వేసుకుంటే దిగొస్తుందని నా ఆశ. అమ్మ భయాన్ని కూడా కొట్టిపారేయలేను. మీరైతే ఏం చేస్తారు?

సైన్స్ మాస్టారు (పీలేరు), జనవరి 10

అమ్మా, నేనైతే కొవాక్సిన్ దగ్గర ఆగుతాను. నేను టీకాలకు వ్యతిరేకిని కాను. నా పిల్లలకు ఒక్క టీకా కూడా తప్పించలేదు.

నా అభ్యంతరం ఒక్కటే. టీకా పనిచేస్తుందా లేదా అన్నది తేలేది మూడో దశలో. కొవాక్సిన్‌కు 25,800 మందిని చేర్చుకోవడమే ఇప్పుడు పూర్తయింది. వాళ్లలో సగం మందికి టీకా, సగం మందికి మందు లేని సూది వేసి, ఎవరికి జబ్బు వచ్చిందో లెక్క తీయాలి. ఆ లెక్క రాకముందే అనుమతి ఇచ్చి, దానికి 'క్లినికల్ ట్రయల్ మోడ్' అని పేరు పెట్టారు. అది ట్రయలైతే వేసుకునేవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పాలి. మామూలు టీకా అయితే ఫలితం చూపించాలి. అనుమతి ఇచ్చిన అధికారే ఈ టీకాలు నూటికి నూటపది శాతం సురక్షితమన్నారు. క్లాసులో పిల్లోడు వందకు నూటపది మార్కులు వచ్చాయంటే మనం ఒప్పుకుంటామా? ఆ మాట విన్నాకే నాకు టెన్షన్ పెరిగింది.

ఇంకో సంగతి మన ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లూ హెడ్‌మాస్టర్లూ పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు, అదీ చెప్పాలి. కానీ అనుమతి తీసుకున్న పద్ధతిని 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. ఆ టీకా మంచిదే కావచ్చు. అడగకుండా వేసినందుకు ఆ అమ్మానాన్నలకు సూది అంటేనే నమ్మకం పోయింది. మళ్లీ అదే దారిలో వెళ్తున్నామేమో అని నా బాధ.

ల్యాబ్ తమ్ముడు (తిరుపతి), జనవరి 11

మాస్టారూ, ఖమ్మం విషయంలో మీతో వాదన లేదు. కొవాక్సిన్ గురించి మాత్రం రెండు ముక్కలు. నేను మైక్రోబయాలజీ చదివాను, ఏప్రిల్ నుంచి స్వాబ్‌ల పనిలో ఉన్నాను.

మొదటి దశలో 375 మందికి, రెండో దశలో 380 మందికి వేసి చూశారు. చేయి నొప్పి, జ్వరం, ఒళ్లు నొప్పులు తప్ప టీకా వల్ల పెద్ద ప్రమాదం కనిపించలేదు, యాంటీబాడీలు వచ్చాయి. అంటే సురక్షితమా అన్న ప్రశ్నకు కొంత జవాబుంది, ఎంత కాపాడుతుంది అన్నదానికి ఇంకా లేదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నాం.

తయారీ పద్ధతి కూడా పాతదే. వైరస్‌ను ల్యాబ్‌లో పెంచి, రసాయనంతో చంపి ఇస్తారు. కుక్క కరిస్తే మనం వేయించుకునే టీకా కూడా చంపిన వైరస్‌తో చేసిందే. కొవిషీల్డ్ వేరే రకం. చింపాంజీలకు జలుబు తెచ్చే వైరస్‌ను మన ఒంట్లో పెరగలేకుండా మార్చి, దాంతో కరోనా వైరస్ మీద ముల్లులా ఉండే ప్రొటీన్ తాలూకు జన్యువును పంపిస్తారు.

"ఏడాదిలో ఎట్లా వచ్చింది" అని మా వీధిలో అందరూ అడుగుతున్నారు. మామూలుగా ఒక దశ అయ్యాక డబ్బు కోసం, అనుమతి కోసం ఏళ్లు ఆగుతారు. ఈసారి దశలను ఒకదాని మీద ఒకటి నడిపారు, ఫలితం రాకముందే సీసాలు తయారుచేసి పెట్టుకున్నారు. ఊరంతా జబ్బు ఉంది కాబట్టి ట్రయల్‌లో కేసులు కూడా తొందరగా తేలతాయి.

చెల్లెమ్మా, నీకు ఒక్క మాట. ఈ టీకాలు జబ్బును ఆపుతాయా అని చూశారు గానీ, వేసుకున్నవాళ్ల నుంచి ఇంకొకరికి అంటదని ఇంకా ఎవరూ తేల్చలేదు. మీ అక్క రెండు డోసులయ్యాక కూడా అమ్మ దగ్గర మాస్కు తీయకూడదు.

టమాటా మండీ (మదనపల్లె), జనవరి 11

నేను చదువుకున్నది తక్కువ. పోయిన ఏప్రిల్, మే నెలల్లో కోయంబేడుకు సరుకు వేసుకెళ్లిన డ్రైవర్లను, క్లీనర్లను ఊళ్లో ఎట్లా చూశారో నాకు తెలుసు. మద్రాసు మార్కెట్ నుంచి మన జిల్లాకు జబ్బు వచ్చిన మాట నిజమే. కానీ వాళ్లు పోకపోతే మా సరుకు చేన్లోనే కుళ్లేది. మా డ్రైవర్ పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండొస్తే సొంత అత్తగారే ఇంట్లోకి రానీలేదు.

ఏ టీకా అయినా సరే, ఇస్తే రేపే వేసుకుంటా. మా వంతు ఎప్పుడొస్తుందో ఎవరన్నా చెప్పండి.

సైన్స్ మాస్టారు, జనవరి 11

ల్యాబ్ తమ్ముడూ, బాగా వివరించావు. కానీ కుక్కకాటు పోలిక నాకు సరిపోలేదు. పిచ్చికుక్క కరిచినవాడికి టీకా లేకపోతే చావే, అక్కడ ఎంత రిస్క్ అయినా తీసుకుంటాం. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు, కోట్లమందికి వేసేది. ఏడెనిమిది వందల మందిలో కనపడని తేడా లక్షమందిలో కనపడొచ్చు.

పుత్తూరు పెద్దాయన, జనవరి 12

అందరికీ నమస్కారం. నేను హెల్త్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. మనవడు టైపు చేసి పెడుతున్నాడు.

1970 దాటిన కొత్తల్లో మశూచి టీకాలు వేశాను. చేతిలో రెండు మొనల సూది. దాన్ని మందులో ముంచితే మొనల నడుమ ఒక బొట్టు నిలిచేది. దాంతో భుజం మీద గబగబా పదిహేను పోట్లు పొడవాలి, రక్తం చెమ్మ కనపడాలి. నన్ను చూడగానే ఆడవాళ్లు పిల్లలను గరిసెల వెనక దాచేవాళ్లు. అమ్మవారు పోసిన ఇంట్లో వేపమండ కట్టుంటే గడప దాటనిచ్చేవాళ్లు కాదు. "అమ్మకు కోపమొస్తే నువ్వొచ్చి ఆపుతావా" అని ఒక అవ్వ అడిగింది. నేను జవాబు చెప్పలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి నా భుజం మీది మచ్చ చూపించాను. ఆమె దాన్ని వేలితో తడిమి చూసి మనవరాలిని ముందుకు తోసింది.

అసలు పని ఆ తర్వాత ఉండేది. వారానికో ఎనిమిదో రోజుకో అదే ఇంటికి మళ్లీ వెళ్లాలి. పొక్కు లేచిందా అని చూడాలి, లేవకపోతే మళ్లీ వేయాలి. జ్వరమొచ్చిన పిల్లలుంటే తల్లులు నన్ను తిట్టేవాళ్లు, నిలబడి తిట్లు తినేవాణ్ణి. అట్లా రెండోసారి వెళ్లిన ఊళ్లో మూడోసారి ఎవరూ పిల్లలను దాచలేదు. 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బు లేదు.

మాస్టారుగారూ, మీరు అడిగే ప్రశ్నలు అడగాల్సినవే. నర్సమ్మ చెల్లెలికి మాత్రం నేను చెప్పేది, అక్కను వేసుకోమనే. ఆమె రోజూ జబ్బు నడుమ తిరుగుతోంది. ఇంట్లో కూచున్నవాడు ఆగడం వేరు, ఆమె ఆగడం వేరు.

ఢిల్లీలో తిరుపతోడు, జనవరి 17

ఇక్కడ పీజీ చేస్తున్నాను, ఊరు బైరాగిపట్టెడ. నిన్న మా ఆస్పత్రిలో కొవాక్సిన్ వేశారు, నేను వేసుకున్నాను. ముందు ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఈ టీకా ఎంత పనిచేస్తుందో ఇంకా నిర్ధారణ కాలేదని, మూడో దశ అధ్యయనం నడుస్తోందని అందులో రాసే ఉంది. టీకా వల్లే తీవ్రమైన హాని జరిగిందని తేలితే కంపెనీ పరిహారం ఇస్తుందని కూడా ఉంది. నిజం రాశారు కాబట్టి నేను సంతకం పెట్టాను. కానీ ఆ ఫారం చదవడానికి ఇచ్చిన టైము రెండు నిమిషాలు. నా వెనక నిలబడ్డ వార్డ్ బాయ్‌కి ఇంగ్లిష్ రాదు. అతనికి నేనే చదివి చెప్పాను. విని, కాసేపు ఆలోచించి, వేసుకున్నాడు.

ఇక్కడ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రి రెసిడెంట్ డాక్టర్లు మాకు కొవిషీల్డే ఇవ్వండని నిన్ననే లేఖ రాశారు. వాళ్లను పిరికివాళ్లని తిడుతున్నారు, నాకది నచ్చలేదు. పది నెలలుగా కొవిడ్ వార్డుల్లో నిలబడ్డ డాక్టర్లు వాళ్లు.

కొర్లగుంట చెల్లెలు, జనవరి 19

అక్కకు నిన్న వేశారు. కొవిషీల్డే. సూది కన్నా అరగంట కుర్చీలో కూర్చోబెట్టిందే ఎక్కువ భయమేసిందట. ఒక్కొక్కరూ లేచి వెళ్తుంటే గోడ గడియారం చూస్తూ కూర్చుందట. రాత్రి పదకొండుకు చలిజ్వరం. అమ్మ ఎవరి మాటా వినకుండా మాస్కు కట్టుకుని మిద్దెక్కి, తెల్లారేదాకా తడిగుడ్డ వేస్తూ కూచుంది. పారాసెటమాల్ వేసుకుంటే పొద్దునకు తగ్గింది. ఇప్పుడు చేయి నొప్పి మాత్రమే ఉంది.

అక్క చెప్పిన ఇంకో సంగతి నన్ను బాధపెట్టింది. జాబితాలో ఉన్నవాళ్లు చాలామంది రాలేదు. ఒక సీసాలో పది డోసులు, తెరిచాక నాలుగు గంటల్లో వాడాలి. పదిమంది పోగయ్యేదాకా ఆగి, ఫోన్లు చేసి పిలిపించుకున్నారట. 16న దేశమంతా కలిపి 1.91 లక్షల మందే వేసుకున్నారని పేపర్లో చూశాను, అనుకున్నది 3 లక్షలు. నర్సులే రాకపోతే మా అమ్మలాంటి వాళ్లు ఎందుకు నమ్ముతారు?

సైన్స్ మాస్టారు, జనవరి 19

అక్కకు తగ్గినందుకు సంతోషం. రానివాళ్లను నేను తప్పుపట్టను. కొవిషీల్డ్ లెక్కలోనూ మెలిక ఉంది. బ్రిటన్ ట్రయల్‌లో కొందరికి పొరపాటున మొదటి డోసు సగమే వేశారు. వాళ్లలో 90 శాతం రక్షణ, రెండూ పూర్తి డోసులు వేసుకున్నవాళ్లలో 62. మనకు వేసేది పూర్తి డోసులే. కలిపి 70 అని చెప్పే బదులు ఆ 62 సంగతి కూడా తెలుగులో, ఆస్పత్రి గోడ మీద రాసి పెట్టొచ్చు కదా. 62 తక్కువేం కాదు, దాచాల్సిన అంకె అసలే కాదు.

ల్యాబ్ తమ్ముడు, జనవరి 20

గోడ మీద రాయమన్న మాటకు నా ఓటు. అయితే మాస్టారూ, మనం పూర్తి లెక్క కోసం ఆగే రోజుల్లో జబ్బు ఆగదు కదా. మొన్న డిసెంబర్‌లో మా టెక్నీషియన్ ఒకాయన పోయాడు, నలభై ఆరేళ్లు. నేను వేసుకుంటున్నది ఆయన కుర్చీ పక్కన కూచుని పనిచేస్తున్నందుకు. దీనికి శాతాలతో జవాబు చెప్పలేను.

సైన్స్ మాస్టారు, మార్చి 4

నిన్న కొవాక్సిన్ మధ్యంతర ఫలితం వచ్చింది. ఈ చర్చ తిరిగి తెరవాలనిపించింది. ట్రయల్‌లో మొత్తం 43 మందికి జబ్బు వచ్చింది. అందులో 36 మంది మందు లేని సూది వేసుకున్నవాళ్లు, 7 మంది టీకా వేసుకున్నవాళ్లు. 81 శాతమని ప్రకటించారు. చాలా మంచి ఫలితం, నాకు నిజంగా ఆనందంగా ఉంది. మా నాయనకు డెబ్బై రెండు, ఏది ఇచ్చినా వేయిస్తున్నాను.

కానీ జనవరిలో అన్న మాట వెనక్కి తీసుకోను. టీకా మంచిదని ఇప్పుడు తేలింది, ఆరోజు తేలలేదు. ఈ రెండు నెలలు వేసుకున్నవాళ్లు నమ్మకం మీద వేసుకున్నారు. పూర్తి వివరాలు జర్నల్‌లో అచ్చయ్యేదాకా అడుగుతూనే ఉంటాను.

టమాటా మండీ, మార్చి 5

నాకు నలభై తొమ్మిది, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. 1వ తేదీ నుంచి అరవై దాటినవాళ్లకు, నలభై ఐదు దాటి ఇట్లాంటి జబ్బులున్నవాళ్లకు వేస్తున్నారు. డాక్టర్ దగ్గర కాగితం రాయించుకున్నా. ప్రైవేటులో 250 అంటున్నారు, నేను సర్కారు ఆస్పత్రిలోనే వేయించుకుంటా. మా డ్రైవర్‌కు ముప్పై ఆరు, అతని వంతు ఇంకా రాలేదు. నాకన్నా ముందు అతనికి వేయాల్సింది.

కొర్లగుంట చెల్లెలు, మార్చి 7

అక్క రెండో డోసు ఫిబ్రవరి 15న అయిపోయింది. ఈసారి జ్వరం రాలేదు. వారం కిందట మిద్దె దిగింది. ల్యాబ్ అన్నయ్య చెప్పినట్టు అమ్మ దగ్గర మాస్కు తీయడం లేదు, కంచం కూడా వేరే. చిన్నోడు మాత్రం ఆమె కొంగు వదలడం లేదు.

పుత్తూరు పెద్దాయనా, మీరు రాసింది అక్కకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. ఇప్పుడు తన దగ్గర టీకా వేసుకున్న పెద్దవాళ్లకు మర్నాడు సాయంత్రం సొంత ఫోన్ నుంచి కాల్ చేస్తోంది. నిన్న ఒకావిడ చెయ్యి వాచిందని గట్టిగా అరిచింది. అక్క మొత్తం విని, తడిగుడ్డ ఎట్లా వేయాలో చెప్పి, ఎల్లుండి మళ్లీ చేస్తానంది.

అమ్మ ఒప్పుకుంది. రేపు సోమవారం తీసుకెళ్తున్నాను. షుగర్ మాత్ర ఎప్పటిలాగే వేసుకుని, టిఫిన్ తిని రమ్మన్నారు. ఆ అరగంటా అక్క పక్కనే కూర్చోవాలట, అమ్మ పెట్టిన షరతు అదొక్కటే.