హాడన్ హాల్‌లో ఏది ఏ కాలందో ఎలా గుర్తుపట్టాలి?

నమస్కారం. వచ్చే నెల ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని హాడన్ హాల్ చూడబోతున్నాను. 12వ శతాబ్దంలో మొదలైన ఇల్లు. 14వ శతాబ్దపు భోజనశాల, ఆ తర్వాతెప్పుడో చేరిన లాంగ్ గ్యాలరీ (పొడవాటి హాలు), అన్నీ ఒకే చోట! 1700 తర్వాత దాదాపు 200 ఏళ్లు ఎవరూ కాపురం లేకపోవడం వల్లే కొత్త ఫ్యాషన్లు దీన్ని తాకలేదు. నాకు అదే అద్భుతం. అయితే 1920లలో ఈ ఇంటి యజమానుల కుటుంబానికి చెందిన తొమ్మిదో రట్లాండ్ డ్యూక్ మరమ్మతులు చేయించి, భోజనశాల పైకప్పు కొత్తగా వేయించారు. పాత ఓక్ దూలానికీ కొత్తదానికీ తేడా కంటితో పట్టుకోగలమా? రాతి గోడల్లో అతుకులు ఎక్కడ వెతకాలి? గ్యాలరీ కిటికీ అద్దాలు ఒక్కోటి ఒక్కో వైపు ఒరిగి ఉంటాయి కదా, అలా కావాలనే బిగించారా, లేక అద్దాలను పట్టి ఉంచే సీసపు పట్టీలు కాలంతో వంగాయా? పాత కట్టడాల మరమ్మతుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.