ట్యాంకు నిండినా మోటర్ ఆగుతలేదు, రిలే టకటక కొట్టుకుంటుంది

ప్రశ్న (మిర్యాలగూడ): మాది బోరు నీళ్లు. ట్యాంకు నిండంగనే మోటర్ ఆపే సర్క్యూట్ కట్టిన: 12 వోల్టుల సప్లై, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, 10కే (10 వేల ఓమ్‌ల) రెసిస్టర్, రిలే (కరెంటుతోని పనిచేసే స్విచ్), నీళ్లు తాకింది పసిగట్టే రాగి తీగ ప్రోబులు. ఒక తీగ పచ్చబడి తెగింది, రెండోదానికి తెల్లటి పెచ్చు పట్టింది. ఏం మార్చాలె అన్నా?

జవాబు 1: పాజిటివ్ ప్రోబు డీసీకి కరిగిపోతది తమ్మీ, మన సున్నపు నీళ్లకు నెగెటివ్ మీద పెచ్చు కడ్తది. స్టీల్ కడ్డీలు పెట్టు. పెచ్చుతోని నిరోధం పెరిగి ట్రాన్సిస్టర్ బేస్‌కు (దాన్ని ఆన్ చేసే కాలుకు) కరెంట్ సరిపోతలేదు, ట్రాన్సిస్టర్ సగమే ఆన్ అయితది. టకటక అందుకే. రెండు బీసీ547లను డార్లింగ్టన్‌గా (మొదటిది పెంచిన కరెంట్ రెండోదాని బేస్‌కు పోయేటట్టు) కలుపు, మొదటిదాని బేస్‌కు 100కే రెసిస్టర్. బేస్ నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే అలలకు అదరదు. రిలే కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్ ఉందా? గీత వైపు ప్లస్‌కు. అది లేకుంటే రిలే ఆఫ్ అయినప్పుడల్లా ట్రాన్సిస్టర్‌కు ముప్పే.

జవాబు 2: నన్నడిగితే ప్రోబులే వద్దు. రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే స్విచ్) ఉన్న ఫ్లోట్ పెట్టు, నీళ్లల్ల కరెంటే పారదు. ఇంకో మాట: మోటర్‌ను ఆ చిన్న రిలే మీద నేరుగా నడపకు. స్టార్టింగ్ కరెంట్‌కు కాంటాక్టులు అతుక్కుంటయ్, అప్పుడు సర్క్యూట్ ఆపమన్నా మోటర్ ఆగదు. రిలేతోని కాంటాక్టర్ (మోటర్ కరెంట్‌ను తట్టుకునే పెద్ద రిలే) కాయిల్ నడిపించు. విప్పే ముందు మెయిన్ ఆపు, టెస్టర్ పెట్టి చూడు.

ప్రశ్న అడిగినాయన: డయోడ్ లేదన్నా. ఇయ్యాల్నే వేస్త, కాంటాక్టర్ కూడా తెస్త.