స్పీడు మర తిరుగుతుంటే ముసలి మరలో పోసేయాలా, ఆగాలా?

పర్లాకిమిడి మిల్లు:
మాది పర్లాకిమిడిలో పిండి మిల్లు. మరలు రెండు. కొత్తదాంట్లో పది కిలోల డబ్బా 5 నిమిషాల్లో అయిపోతుంది, పాత రాతి మరకు అదే డబ్బా 20 నిమిషాలు. రెంటికీ లైను ఒకటే, పోసేది నేనే. కొత్తది తిరుగుతూ పాతది ఖాళీగా ఉంటే, లైనులో మొదటివాళ్ల డబ్బా పాతదాంట్లో పోసేస్తాను. మా తమ్ముడు వద్దు, ఆగమంటాడు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. ఎవరిది రైటు?

గుణుపురం కుర్రాడు:
ఇందులో అడగడానికేముంది అన్నా? జనం నిలబడి ఉంటే మర ఖాళీగా పెట్టుకుని కూర్చుంటారా ఎవరైనా?

క్యూ లెక్క, బరంపురం:
కాస్త నిదానం బాబూ. లైనులో ఒక్కరే ఉన్నారనుకో. పాతదాంట్లో పోస్తే 20 నిమిషాలకు ఇంటికి. ఆగితే కొత్తదాంట్లో ఇప్పుడే పోసిన డబ్బాకు 5, తనదానికి 5, పదికే వెళ్లిపోతారు. వెనక ఎవరూ రాకపోతే పోసేయడం వల్ల ఒక్కరికీ లాభం లేదు.

ఇది పాత సమస్యే. వేగంగా పనిచేసేది ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు, నిదానమైనదాన్ని మాత్రం లైను ఒక హద్దు దాటాకే వాడాలి అని 1984లో లిన్, పి.ఆర్. కుమార్ అనే పరిశోధకులు నిరూపించారు. ఆ కుమార్ గారు మన ఐఐటీ మద్రాసులో చదివినాయనే. కొత్తగా ఎవరూ రారనుకుంటే మీ మరలకు హద్దు నోటి లెక్కే: ముగ్గురు నిలబడి ఉంటే చివరివాళ్లకు ఎటైనా 20 నిమిషాలే. నాలుగోవాళ్లు ఉంటేనే పాతదాంట్లో పోయడం లాభం.

గుణుపురం కుర్రాడు:
ఎవరూ రారనుకోవడానికి అది సంత రోజు కాకూడదు కదండీ. పాతపట్నం వైపు నుంచి కూడా వస్తారు. గంటకు 13 డబ్బాలు వస్తే? కొత్త మర ఆడేది 12. లైను రోడ్డు మీదకు వచ్చేస్తుంది.

క్యూ లెక్క, బరంపురం:
నిజమే. అందుకే ఆ హద్దు ఒక్కచోట ఉండదు, రద్దీ పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. ముందున్న మనిషి పాత మరకు వెళ్తే తనకు నష్టమైనా వెనకున్న ప్రతి ఒక్కరికీ 5 నిమిషాలు కలిసొస్తాయి. సంత రోజు నలుగురయ్యేదాకా ఆగక్కర్లేదు.

రాయగడ అక్క:
ఆ "తనకు నష్టం" దగ్గరే తగువంతా. మా వీధి మిల్లులో నా వెనక వచ్చినామె పిండి పట్టించుకుని నా కళ్లముందే వెళ్లిపోయింది. నేను ముసలి మర దగ్గరే నిలబడి ఉన్నాను. సగటు తగ్గిందమ్మా అని అప్పుడెవరైనా అంటే డబ్బా వాళ్ల నెత్తిన వేసేదాన్ని. అడిగి పోయండి. చోళ్లు, అంటే రాగులు, రాతి మరలోనే ఆడించాలనేవాళ్లు మా వైపు చాలామంది. వాళ్లు 20 నిమిషాలకు ఏమీ అనుకోరు.

జయపురం మెకానిక్:
మొదలుపెట్టిన పని మధ్యలో ఇంకోచోటికి మార్చకూడదన్నది ఆ లెక్కలో షరతు. బ్యాంకు కౌంటరుకైతే సరే. గింజలకెందుకు? పాతదాంట్లో పోసేయండి. 5 నిమిషాలకు పావు డబ్బా ఆడి ఉంటుంది. కొత్తది ఖాళీ కాగానే మిగిలిన ముప్పావు తోడి అందులో పోస్తే 3 నిమిషాల 45 సెకన్లు. మొత్తం 8 నిమిషాల 45 సెకన్లు, ఆగినదానికంటే తక్కువే. ఇలా మార్చుకోగలిగితే హద్దులేమీ లేవు, లైనులో ఒక్కరున్నా పాత మర తిరగాల్సిందే.

పర్లాకిమిడి మిల్లు:
ఎప్పుడైనా తోడి చూశారా బావూ? మర ఆపి, అడుగున ఇరుక్కున్న గింజ చేత్తో తీసి, మళ్లీ కాటా వేసేసరికి రెండు నిమిషాలు. మీరు మిగిల్చింది నిమిషంపావు. పైగా రాతి మర పిండి బరక, కొత్తదానిది మెత్తన. ఒకే డబ్బాలో రెండు రకాలు పోసిస్తే మర్నాడు డబ్బాతో సహా వచ్చేస్తారు.

క్యూ లెక్క, బరంపురం:
అయితే ఒక్కరే ఉన్నప్పుడు మీ తమ్ముడిదే రైటు. ఒక మాట, అందరూ పది కిలోలే తెస్తారా?

పర్లాకిమిడి మిల్లు:
లేదు లేదు. రెండు కిలోల సంచులు బోలెడు.

క్యూ లెక్క, బరంపురం:
మరి అది ముందే చెప్పొద్దూ! రెండు కిలోలకు పాత మర 4 నిమిషాలు. కొత్తదాని కోసం ఆగితే 5, ఒకటి, మొత్తం 6. చిన్న సంచి వెంటనే పాతదాంట్లో పోసేయండి, ఎవరూ కోప్పడరు. ఆ పుస్తకాల లెక్కలో పని ఎంతసేపు పడుతుందో ముందు తెలియదు. మీ దగ్గర కాటా ఉంది.

పర్లాకిమిడి మిల్లు:
కాటా ఇప్పుడు లోపల, డబ్బులు తీసుకునే చోట ఉంది. గుమ్మం దగ్గరికి జరుపుతాను. చిన్న సంచులు, చోళ్లు పాతదానికి. పెద్ద డబ్బాలు ఆగుతాయి. సంత రోజు ఎందరు దాటాక పోయాలో మాత్రం మీరు అంకె చెప్పలేదు.

క్యూ లెక్క, బరంపురం:
ఎవరు ఏ టైముకి ఎన్ని కిలోలతో వచ్చారో ఈ సంతకు రాసి ఇక్కడ పెట్టండి. అప్పుడు చెబుతాను.

రాయగడ అక్క:
రాసే పని తమ్ముడికి ఇవ్వండి.