‘తాడు వదులు’ అంటే లూజుగా ఉందనా, వదిలేయమనా?

అందరికీ నమస్కారం. నేను చెట్లెక్కి కొమ్మలు కొట్టే పని చేస్తాను. కొత్తగా చేరేవాళ్ల కోసం తాడు మీద ఎక్కడం, దిగడం గురించి తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను: వదులు.

మొన్న సాధన చేయిస్తుంటే, మనిషెత్తు కూడా లేని కొమ్మ మీద ఒక కుర్రాడు నిలబడ్డాడు. అతని నడుము దగ్గరి పరికరానికీ పైనున్న ఆధారానికీ మధ్య తాడు వేలాడుతోంది. అలా ఉండకూడదు. చెట్టెక్కే తాళ్లు పెద్దగా సాగవు, కాలు జారితే ఆ వేలాడే మేరంతా పడి ఒక్క కుదుపుతో ఆగాలి. వదులుగా ఉంది చూసుకో అనే ఉద్దేశంతో ‘తాడు వదులు!’ అని కింద నుంచి అరిచాను. అతను తాడు చివర పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

ఆ పరికరం దానంతట అదే బిగుసుకునే రకం కాబట్టి ఏమీ కాలేదు. ఎనిమిది అంకెలా ఉండే దిగుడు ఉంగరం అయ్యుంటే, చెయ్యి వదిలాక తాడును పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతను మాట విన్నాడు, చెప్పినట్టే చేశాడు. తప్పు నేను అన్న మాటది.

‘బిగువు లేదు’ అనడానికీ ‘విడిచిపెట్టు’ అనడానికీ మనకు ఒకే రూపం ఎందుకు వచ్చింది? కింద నుంచి అరవడానికి పనికొచ్చే మాట ఏదైనా చెప్పగలరా?

జవాబు 1

మంచి ప్రశ్న అండీ. విడిచినదే సడలుతుంది కాబట్టి రెండు అర్థాలూ ఒకే మూలం నుంచి వచ్చాయనిపిస్తుంది. వాక్యం పూర్తిగా ఉంటే చిక్కు లేదు. ‘వదులుగా ఉంది’లో ‘గా’ కాపాడుతుంది, ‘వదిలెయ్’లో ‘ఎయ్’ కాపాడుతుంది. అరిచేటప్పుడు ఆ తోకలే రాలిపోతాయి. ‘పట్టు’ కూడా అంతే: పేరూ అదే, ఆజ్ఞా అదే.

‘సడలింది’ వాడి చూడండి. అది ఆజ్ఞగా వినబడదు. జరిగిన సంగతి చెబుతుంది, అంతే.

జవాబు 2

అసలు ఆ పరికరం తాడును ఒరుసుకుని ఆపుతుంది కదా, ఆ పనికి ఏ మాట వాడుతున్నారు? పాఠ్యపుస్తకాల్లో ‘ఘర్షణ’ ఉంది, కానీ వార్తల్లో ఆ మాట విని విని ఇప్పుడు గొడవే గుర్తొస్తోంది. ‘రాపిడి’ అంటే అరిగిపోవడం తోస్తుంది. నాకు ‘ఒరిపిడి’ నచ్చుతుంది.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఒరిపిడే వాడతాను. రాపిడిని వేరే చోటికి దాచుకుంటాను. వేగంగా దిగితే తాడు పైతొడుగు వేడెక్కి నున్నగా మెరుస్తుంది చూడండి, ఆ చెడు గురించి చెప్పడానికి.

అయితే ఈ పరికరాల్లో ఒరిపిడిని పెంచేది తాడు తిరిగే వంపు. గుండ్రటి కడ్డీకి తాడు ఒక చుట్టు చుడితే, ఒరిపిడి గుణకం (తాడూ కడ్డీ ఎంతగా ఒరుసుకుంటాయో చెప్పే సంఖ్య) 0.25 అనుకుంటే, ఒక చివర ఉన్న బరువులో దాదాపు 5వ వంతు బలంతో రెండో చివర ఆపొచ్చు. రెండు చుట్లకు 23వ వంతు చాలు, మూడు చుట్లకు 100వ వంతుకన్నా తక్కువ. చుట్టు పెరిగితే కూడిక కాదు, గుణకారం. దానంతట అదే బిగుసుకునే జిగ్‌జాగ్ లాంటి పరికరంలో గొలుసులా కీళ్లుంటాయి. మన బరువు పడగానే అవి వంకర తిరిగి తాడును నొక్కుతాయి. పైనున్న మీట నొక్కితే కీళ్లు తిన్నగా అవుతాయి, తాడు జారుతుంది.

‘పట్టు’ గురించి మీరన్నది ఇక్కడే నన్ను భయపెట్టింది. మీటను చేత్తో పట్టితే పరికరం తాడును విడుస్తుంది. చెయ్యి తీస్తే పరికరం పట్టుకుంటుంది. భయపడ్డ మనిషి చెయ్యి మాత్రం ముడుచుకుంటుంది, అంటే మీటను ఇంకా నొక్కుతుంది. ఎక్కే తాడు చుట్టూ చిన్న తాడుతో వేసే, బరువు పడితే బిగుసుకునే ప్రుసిక్ ముడిలోనూ ఇదే ప్రమాదం, పైనుంచి గుప్పిట పట్టి లాగితే జారిపోతుంది. కాబట్టి ‘పట్టు!’ అని అరవడం కూడా మానేశాను. ఒక చెయ్యి మీట మీద, రెండోది ఎప్పుడూ పరికరం కింది తాడు మీద అని నేర్పి, రెండు చేతులకూ వేర్వేరు క్రియలు పెట్టాను: మీటను నొక్కు, తాడును అదుము.

జవాబు 1

జారు, జార్చు తేడా కూడా పాఠంలో పెట్టండి. తాడు ‘జారింది’ అంటే మన ప్రమేయం లేదు. ‘జార్చాను’ అంటే నా చేతిలో ఉంది. తెలుగు క్రియ ఈ తేడాను ఒక్క అక్షరంలో చూపిస్తుంది.

అడిగినవారు

పెడతాను, తప్పకుండా. ‘మీటను ఒడుపుగా నొక్కుతూ తాడును జార్చాలి’ అని రాసుకున్నాను. ‘మెల్లగా’ కంటే ‘ఒడుపుగా’ సరిపోయింది. మెల్లగా మొదలుపెట్టి ఉన్నట్టుండి పూర్తిగా నొక్కేవాళ్లను చూశాను, వేళ్లకు ఒత్తిడి ఎంతో తెలియాలి.

‘సడలింది’ ఇవాళ చెట్టు మీద వాడి చూశాను. అర్థమైంది కానీ, ఆకుల చప్పుడులో మొదటి అక్షరం సరిగా వినబడలేదు. కుర్రాళ్లు వాళ్లలో వాళ్లు ‘లూజుంది, లాగు’ అనుకుంటున్నారు. దీర్ఘం ఉంది కాబట్టి దూరానికి వినిపిస్తోంది, వదిలేయమనే అర్థం రాదు. పుస్తకంలో సడలడం ఉంచి, అరుపుకు లూజు ఖాయం చేశాను.