చిగురు దిగిపోతే అంగిలి కోసి అతికించుకోవాలా?

అలిపిరి_తులసి:
నమస్తే అండీ. నాకు 36 ఏళ్లు, తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం, టీచర్ని. పైన ఎడమవైపు కోరపన్ను దగ్గర చిగురు 3 మిల్లీమీటర్లు తగ్గిపోయి పసుపుపచ్చ వేరు కనిపిస్తోంది. కింద ముందు పళ్లలో ఒకదానికి కూడా 2 మిల్లీమీటర్లు పోయింది. మొన్న నడిచి కొండెక్కి, జలప్రసాదం కుళాయి దగ్గర నీళ్లు నోట్లో పోసుకోగానే జివ్వుమని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక డాక్టరేమో అంగిలి నుంచి కండ తీసి అతికించాలన్నారు, గ్రాఫ్ట్ అట, పన్నుకు 12 వేలు. ఇంకో డాక్టరు అదేమీ వద్దు, జివ్వుమనకుండా పేస్టు వాడండి, కావాలంటే వేరు మీద పన్ను రంగు సిమెంటు పెడతానన్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే కదా! చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

చిత్తూరు_తోతాపురి:
వద్దమ్మా వద్దు. 2022లో నేను చేయించుకున్నాను. చిగుళ్లు వాచి రక్తం వస్తోందని వెళ్తే నోరంతా నాలుగు విడతలుగా కోసి కుట్లేశారు. కుట్లు తీశాక అద్దంలో చూసుకుంటే చిగురు ముందుకన్నా ఇంకా పోయింది. పళ్లు గుర్రప్పళ్లలా పొడుగైపోయాయి. చెనిక్కాయలు తింటే సగం సందుల్లోనే ఉంటాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. నా మాట విని ఆ 12 వేలు దాచుకో.

కొర్లగుంట_శీను:
అక్కా, నేను గ్రాఫ్టే చేయించుకున్నాను. ఉన్నదున్నట్టు చెబుతాను. అంగిలికి వేసే సూది ఒక్కటే నరకం, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. లోపలి నుంచి చింతగింజంత కండ తీసి, తడి గుడ్డ మీద పెట్టి చూపించారు. లేత కొబ్బరి మీగడలా ఉంది, ఇంతేనా అనిపించింది. దాన్ని వేరు మీద పరిచి, చిగురును దాని మీదికి లాగి కుట్టారు. రెండు వారాలు అక్కడ బ్రష్ తగలనివ్వలేదు, మందు నీళ్లతో పుక్కిలించడమే. పెరుగన్నం, అది కూడా ఒక పక్కనే. నాలుక మాత్రం ఊరుకోదు, పొద్దస్తమానం అంగిలి దగ్గరికే పోతుంది. ఇప్పుడు నా కోరపన్ను వేరు పూర్తిగా మూసుకుపోయింది.

చిత్తూరు_తోతాపురి:
అంగిలికి బొక్క పెట్టించుకుని సంబరపడుతున్నావా తమ్ముడూ?

కొర్లగుంట_శీను:
బొక్క కాదన్నా. పై తోలు అలాగే ఉంచి కింద పొర తీస్తారు.

చిత్తూరు_తోతాపురి:
కండ తీస్తే మిగిలేది బొక్క కాకపోతే ఏమిటి? గుడి గోపురమా?

కొర్లగుంట_శీను:
గీత. ఒక్క గీత. మూడు వారాలకు అది కూడా కనిపించలేదు. ఇంతకుముందు నువ్వు చేయించుకున్నానన్నది ఏ ఆపరేషనో అది చెప్పు ముందు.

చిత్తూరు_తోతాపురి:
చిగుళ్ల ఆపరేషన్. ఇంకెన్ని ఉంటాయి?

లీలామహల్_రాజు:
బొక్కా గీతా తేలేదాకా తులసి గారు వేడినీళ్లే తాగండి 😀

పుత్తూరు_మనవడు:
మా ఊళ్లో విరిగిన ఎముకే కత్తి పెట్టకుండా కట్టుతో అతుక్కుంటుంది. దేశం నలుమూలల నుంచి వస్తారు పుత్తూరు కట్టుకు. అలాంటిది పన్నుకింత చిగురు పెరగదా? మా జేజి వేపపుల్లతోనే పళ్లు తోముకునేది, 80 దాటినా చెరుకు నమిలేది. ఉప్పు, పసుపు, ఆవనూనె పెట్టి మర్దన చేయండి మేడం. చిగురు దానంతటదే మళ్లీ పెరుగుతుంది.

చిగుళ్ల_డాక్టరమ్మ:
పెరగదండీ. ఎముకకు అతుక్కునే గుణం ఉంది, కదలకుండా పట్టి ఉంచితే చాలు. ఒకసారి వేరు మీద నుంచి తొలగిన చిగురు మర్దనతో తిరిగి ఎక్కదు. ఉప్పు, పసుపుతో గట్టిగా రుద్దితే ఉన్నది కూడా అరుగుతుంది. వేపపుల్ల తప్పు కాదు, అడ్డంగా బలంగా తోమడం తప్పు. తులసి గారూ, మీది కుడిచేతి వాటమా?

అలిపిరి_తులసి:
అవును మేడం. ఎందుకు?

చిగుళ్ల_డాక్టరమ్మ:
కుడిచేత్తో తోమేవాళ్లకు ఎడమవైపు కోరపన్ను మీద ఒత్తిడి ఎక్కువ పడటం మేం తరచూ చూస్తాం. గట్టి బ్రష్ వాడుతుంటే ఈ రోజే పారేయండి. కారణం అలాగే ఉంచి గ్రాఫ్ట్ వేస్తే కొన్నేళ్లలో అది కూడా అరుగుతుంది.

చిత్తూరు_తోతాపురి:
వచ్చారండీ డాక్టర్లు. ఇక బేరం మొదలు.

ఎమ్మార్_పల్లి_కుమార్:
పిన్‌హోల్ అని యూట్యూబ్‌లో చూశా. కోతా లేదు, కుట్లూ లేవు, అరగంటలో పదిపళ్లు. అది చేయించుకోవచ్చు కదా?

చిగుళ్ల_డాక్టరమ్మ:
అది ఉంది. జాన్ చావో అనే అమెరికా డాక్టరు 2012లో ప్రచురించిన పద్ధతి. పెదవి లోపలివైపు చిన్న రంధ్రం చేసి, అందులోంచి చిగురును వదులుచేసి కిందికి జరిపి, కొలాజిన్ అనే ప్రొటీన్‌తో చేసిన పొర ముక్కలు దోపుతారు. అంగిలి జోలికి పోరు, నొప్పి తక్కువ. అయితే చిగురు పల్చగా ఉన్నవాళ్లకు జరపడం ఒక్కటే చాలదు, మందం కావాలి. అంగిలి నుంచి లోపలి పొర తీసి వేరు మీద పెట్టే పద్ధతి 1980ల నుంచి చేస్తున్నారు. ఫలితాల విషయంలో ఇప్పటికీ మిగతావన్నీ దానితోనే పోల్చుకుంటారు. కొందరు చేతి నుంచి రక్తం తీసి, మెషిన్‌లో తిప్పి, గడ్డకట్టిన పొర పెడతారు, పీఆర్ఎఫ్ అంటారు. పుండు మానడానికి అది పనికొస్తుంది. అంగిలి పొరంత మందం దానితో రాదు.

చిత్తూరు_తోతాపురి:
ఇన్ని పేర్లు చెప్పారే, నా చిగురు ఎందుకు పోయిందో ఒక్కరూ చెప్పరే? శీనూ, నువ్వు మొదటి నుంచీ కోరపన్ను కోరపన్ను అంటున్నావు. పోయినేడాది ఇదే వేదికలో "రెండు పళ్లకు చేయించుకుంటున్నా, దండం పెట్టుకోండి" అని నువ్వే రాశావు. ఆ రెండో పన్ను ఏమైంది? దాని మాట ఎత్తవేం?

కొర్లగుంట_శీను:
నా పోస్టులన్నీ తవ్వుతున్నావా? పనీపాటా లేదా?

చిత్తూరు_తోతాపురి:
ఉంది. పళ్లు పొడుగైపోయినవాడికి ఇంకొకరి పళ్లు పోకుండా చూడటమే పని. చెప్పు.

కొర్లగుంట_శీను:
సరే. రెండోది సగమే మూసుకుంది. సిగరెట్ మానేశానని డాక్టరుకు చెప్పాను. మానలేదు. ఆరో రోజు టీ కొట్టు దగ్గర ఒకటి కాల్చాను, తర్వాత రోజుకు రెండు మూడు. పొగకు రక్తం సరిగా అందక గ్రాఫ్ట్ పూర్తిగా పట్టలేదన్నారు. తప్పు నాది. ఆపరేషన్‌ది కాదు. అందుకే రాయలేదు. చాలా?

లీలామహల్_రాజు:
చాలన్నా.

చిగుళ్ల_డాక్టరమ్మ:
తోతాపురి గారూ, బేరం అన్నా సరే, అడుగుతాను. మీకు అంగిలి నుంచి కండ తీశారా?

చిత్తూరు_తోతాపురి:
లేదు.

చిగుళ్ల_డాక్టరమ్మ:
అయితే మీది గ్రాఫ్ట్ కాదు, ఫ్లాప్. పయోరియాకు, అంటే చిగుళ్లు వాచి లోపల ఎముక కరిగే జబ్బుకు చేసేది. చిగురు పైకెత్తి, లోపల వేరుకు పట్టిన గార గీకి, మళ్లీ కుడతారు. కరిగిపోయిన ఎముకను కప్పి వాచిన చిగురు ఉంటుంది, వాపు తీశాక అది ఎముక ఎక్కడుందో అక్కడికి దిగుతుంది. పళ్లు పొడుగ్గా, సందులు పెద్దవిగా కనిపిస్తాయి. అది ఆపరేషన్ చెడిపోవడం కాదు. మీ పళ్లు ఊగేవా అప్పట్లో?

చిత్తూరు_తోతాపురి:
కింద ముందువి రెండు ఊగేవి.

చిగుళ్ల_డాక్టరమ్మ:
ఇప్పుడు?

చిత్తూరు_తోతాపురి:
ఊగడం లేదు. కానీ ఇది మీరు ఇప్పుడు చెబుతున్నారు మేడం. ఆ రోజు నాకెవరూ చెప్పలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. "ఎముక పోయింది, చిగురు దిగుతుంది, పళ్లు నిలుస్తాయి, అందం పోతుంది, ఏమంటావు" అని ఒక్క ముక్క అడిగి ఉంటే నేనే సరేననేవాణ్ణి. మా అమ్మాయి పెళ్లికి 20 రోజుల ముందు చేశారు. పెళ్లి ఫొటోలు అన్నింటిలో నోరు మూసుకునే ఉన్నాను. కట్నం దగ్గర పేచీ పడ్డానేమో అనుకున్నారు వియ్యాలవారు. నా కోపం కత్తి మీద కాదు.

కొర్లగుంట_శీను:
ఇది ముందే చెప్పి ఉంటే నేను బొక్కా గీతా అని పేజీ నింపేవాణ్ణా అన్నా?

పుత్తూరు_మనవడు:
అయినా పసుపు మంచిదే.

అలిపిరి_తులసి:
మేడం, మరి నాకు? ఎముక ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

చిగుళ్ల_డాక్టరమ్మ:
ఎక్స్‌రే, కొలత. 1985లో మిల్లర్ అనే ఆయన చిగురు దిగడాన్ని నాలుగు రకాలుగా విడదీశాడు. ఇప్పుడు దాన్ని సవరించారు కానీ లెక్క అదే. పళ్ల మధ్యన ఎముక, ఆ సందులో మొనలా ఉండే చిగురు నిలిచి ఉంటే వేరు పూర్తిగా మూసుకోవచ్చు. అవి కొంత పోతే సగమో ముప్పాతికో. పూర్తిగా పోతే ఏ గ్రాఫ్టూ కప్పలేదు. డాక్టరును "నాది ఎంత మూసుకుంటుంది" అని సూటిగా అడగండి. ఒక్క మాట, సిమెంటు ముందే పెట్టించుకుంటే, తర్వాత గ్రాఫ్ట్ వేసేటప్పుడు దాన్ని తీయాల్సి రావచ్చు.

ఇప్పుడు అద్దం ముందుకు వెళ్లి కింద పెదవిని ముందుకు, కిందికి లాగండి. మీరు మొదట చెప్పిన ఆ కింది పన్ను దగ్గర చిగురు అంచు కదులుతోందా?

అలిపిరి_తులసి:
కదులుతోంది మేడం! మధ్యలో దారంలా ఒక నరం లాంటిది ఉంది, అది లాగినప్పుడల్లా అంచు తెల్లబడి పన్ను నుంచి విడిపోతోంది. బ్రష్ పెడితే మండుతుందని అక్కడ సరిగా తోమను కూడా.

చిగుళ్ల_డాక్టరమ్మ:
ఇన్ని పోస్టుల్లో ఎవరూ ఆ పన్ను గురించి అడగలేదు, మీరు కూడా మళ్లీ ఎత్తలేదు. కోరపన్నుకు తొందర లేదు. మెత్తటి బ్రష్, పేస్టు, ఆరు నెలలకోసారి కొలత. పెరగకపోతే అలాగే ఉంచండి, చూడటానికి బాధగా ఉంటే చేయించుకోండి, అది మీ ఇష్టం. కింది పన్ను సంగతి అలా కాదు. పెదవి లాగుతూ ఉంటే, మీరు తోమకుండా ఉంటే అది ఇంకా దిగుతుంది. అక్కడ ఆ దారం విడదీసి, అంగిలి పైతోలుతో సహా ముక్క పెట్టి గట్టి చిగురు పట్టీ చేస్తారు. రంగు కాస్త తెల్లగా, అతుకు వేసినట్టు ఉంటుంది. ఇది శీను గారు చేయించుకున్న రకం కాదు, అంగిలి పుండు నిజంగానే రెండు మూడు వారాలు నొప్పెడుతుంది. చేతులతో చూడకుండా ఇంతకుమించి చెప్పను.

చిత్తూరు_తోతాపురి:
అంటే దీనికి బొక్క ఉంటుందన్నమాట.

చిగుళ్ల_డాక్టరమ్మ:
ఉంటుంది 🙂

అలిపిరి_తులసి:
దసరా సెలవుల్లో కిందిది చేయించుకుంటాను. పాఠాలు చెప్పే పని ఉండదు కదా. కోరపన్ను సంగతి తర్వాత.

చిత్తూరు_తోతాపురి:
సంతకం పెట్టేముందు అన్నీ అడుగమ్మా. మేడం, నా పాత ఎక్స్‌రేలు బీరువాలోనే ఉన్నాయి. ఫొటో తీసి పెట్టనా? ఆ కింది రెండు పళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో చూసి చెబుతారా?

చిగుళ్ల_డాక్టరమ్మ:
పెట్టండి. పేరు కనిపించకుండా పెట్టండి.