పాత ఇంజెక్షన్ మౌల్డింగ్ మిషన్‌కు పీఎల్‌సీ పెట్టించే ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (చిన్న యూనిట్ యజమాని, గాజువాక ఆటోనగర్)

నమస్కారం. మా దగ్గర 150 టన్నుల ఇంజెక్షన్ మౌల్డింగ్ మిషన్ ఉంది. దాని మీద పాలీప్రొపిలీన్‌తో డబ్బాల మూతలు తీస్తున్నాము. మిషన్ గట్టిగానే ఉంది కానీ, ప్యానెల్ రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), టైమర్లతో నడిచే పాత పద్ధతిది కావడంతో కాంటాక్టులు తరచూ మాడిపోతున్నాయి. పైగా మూత బరువు షాటు షాటుకూ (అచ్చులో ప్లాస్టిక్ నింపే ప్రతి విడతకూ) మారుతోంది. పాత ప్యానెల్ తీసేసి పీఎల్‌సీ (ప్రోగ్రాం ప్రకారం మిషన్‌ను నడిపే చిన్న కంప్యూటర్), టచ్ స్క్రీన్ పెట్టిస్తే ఈ తేడా పోతుందా? సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ప్యానెల్‌కు ప్రత్యేకంగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (మెయింటెనెన్స్ పని చేసేవారు)

అయ్యా, బరువు తేడాకు కారణం ప్యానెలేనని ముందే అనుకోకండి. అచ్చు నిండాక ప్లాస్టిక్‌ను నొక్కి ఉంచే హోల్డింగ్ ప్రెషర్ నడుస్తున్నప్పుడు స్క్రూను గమనించండి. అది కొద్దిగా కదలడం సహజమే కానీ, కుషన్ (స్క్రూ ముందు మిగలాల్సిన కొద్దిపాటి కరిగిన ప్లాస్టిక్) ఏమీ మిగల్చకుండా చివరికంటా జారిపోతూ ఉంటే, స్క్రూ కొనన ఉన్న చెక్ రింగ్ అరిగిపోయి కరిగిన ప్లాస్టిక్ వెనక్కి తప్పించుకుంటోందని అర్థం. అరిగిన రింగును ఏ పీఎల్‌సీ బాగు చేయలేదు. హైడ్రాలిక్ వాల్వులు లోపల లీకవుతున్నాయా, ఆయిల్ ఉదయం ఒకలా, మధ్యాహ్నం వేడెక్కాక ఒకలా పనిచేస్తోందా అన్నవి కూడా ముందుగానే తేల్చుకోండి.

ఆ వాల్వులను కరెంటుతో నడిపే సొలినాయిడ్ కాయిళ్ల ఓల్టేజీ కూడా చూడండి. పాత మిషన్లలో అవి చాలావరకు 110 లేదా 230 ఓల్టుల ఏసీవి; పీఎల్‌సీ ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ మాత్రం సాధారణంగా 24 ఓల్టుల డీసీ. కాయిళ్లు మార్చడమో, మధ్యలో ఇంటర్‌ఫేస్ రిలేలు పెట్టడమో కొటేషన్‌లో రాయించుకోండి. లేకపోతే పని సగంలో ఉండగా ఖర్చు పెరుగుతుంది.

జవాబు 2 (ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్)

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) గురించి చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో ఎక్కువ నష్టం చేసేది అదే. బ్యారెల్‌లో ఉన్నది కే టైపు అయి, కొత్త కంట్రోలర్‌లో జే టైపు అని పెడితే, నిజంగా 260 డిగ్రీలు ఉన్నప్పుడు స్క్రీన్ మీద సుమారు 200 కనిపిస్తుంది. ఆపరేటర్ ఇంకా వేడి చాలలేదనుకుని సెట్టింగు పెంచుతాడు, లోపల పదార్థం మాడుతుంది. అనుమానం ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి: జే టైపులో ప్లస్ తీగ ఇనుము కాబట్టి గట్టిగా అంటుకుంటుంది; కే టైపులో ప్లస్ తీగ అంటుకోదు, మైనస్ తీగ కాస్త లాగుతుంది. ప్యానెల్ దాకా అదే టైపు కాంపెన్సేటింగ్ కేబుల్ వేయాలి, మామూలు రాగి తీగ కలిపితే రీడింగ్ తప్పుతుంది. తీగ తెగితే హీటర్ ఆగిపోయేలా, బ్యారెల్ చాలినంత వేడెక్కేదాకా స్క్రూ తిరగకుండా ఉండే ఇంటర్‌లాక్‌లు కూడా తప్పనిసరి.

మన తీరపు తేమకు, ఉప్పు గాలికి ప్యానెల్ ఐపీ54 (దుమ్ము, నీటి తుంపరల నుంచి రక్షణ స్థాయి) కన్నా తక్కువది తీసుకోకండి. బయటి గాలిని నేరుగా లోపలికి లాగే ఫ్యాన్ కన్నా, మూసి ఉన్న ప్యానెల్‌కు కూలర్ మేలు. మిషన్ ఆపి ఉంచే రోజుల్లో లోపల చిన్న హీటర్ వెలుగుతూ ఉంటే టెర్మినళ్ల మీద నీరు చేరదు.

జవాబు 3 (ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్)

ఇద్దరూ చెప్పనిది ఒకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. సేఫ్టీ గేటు స్విచ్, ఎమర్జెన్సీ స్టాప్ పీఎల్‌సీ ప్రోగ్రాం మీద ఆధారపడకూడదు. అవి సేఫ్టీ రిలే ద్వారా నేరుగా క్లాంపు (అచ్చును మూసి పట్టే భాగం) సొలినాయిడ్లకు కరెంటు కోయాలి. గేటు తెరిస్తే అడ్డుపడే మెకానికల్ బార్‌ను, హైడ్రాలిక్ సేఫ్టీ వాల్వును కొత్త ప్యానెల్ వచ్చింది కదా అని తీసేయనివ్వకండి. డై (అచ్చు) మధ్య చెయ్యి పెట్టి మూత తీసే మనిషికి అవే రక్షణ. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 కూడా ప్రమాదకరమైన యంత్ర భాగాలకు తగిన రక్షణ ఉండాలనే చెప్పింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ముందు చెక్ రింగు, వాల్వులు చూపించి, ఆ తరువాతే కొటేషన్లు తెప్పిస్తాను. పాత ప్యానెల్ డ్రాయింగ్ మా దగ్గర లేదు, ఏం చేయాలి?

జవాబు 1 ఇచ్చినవారు

ప్యానెల్ విప్పకముందే మిషన్‌ను మాన్యువల్‌లో నడిపి, క్లాంపు, ఇంజెక్షన్, రీఫిల్ (మళ్లీ ప్లాస్టిక్ నింపుకోవడం), ఎజెక్టర్ (మూతను బయటికి తోసేది), ఇలా ప్రతి కదలికలో ఏ కాయిల్‌కు కరెంటు వస్తోందో మీటర్‌తో చూసి పట్టికగా రాయించండి. ప్రోగ్రాం రాసేవారికి ముందుగా కావలసింది అదే.